సత్తెమ్మ పదకొండు అర్జీలు

ప్రభుత్వ పాలనాశాస్త్రం చదివాను, అదే పాఠం చెప్పాను, అందులోనే పరిశోధన చేశాను, పోయిన ఏడాది రిటైరయ్యాను. ఇప్పుడు సంగారెడ్డిలో ఉంటున్నాను. కొత్తగా పరిశోధనలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తుంటారు. "డిజిటల్ పాలన మీద పని చేయాలనుకుంటున్నాం మేడం, ఎక్కడ మొదలుపెట్టాలె?" అని అడుగుతారు. నేను నాలుగు పుస్తకాల పేర్లు చెప్పి, చాయ్ ఇచ్చి పంపేస్తాను. వాళ్ళు గేటు దాటాక, చెప్పాల్సింది చెప్పలేదని బాధగా ఉంటుంది. అది ఎదురుగా కూర్చుని చెప్పగలిగే మాట కాదు. అందుకే రాస్తున్నాను.

ఎన్ని పేపర్లు అచ్చయ్యాయి, ఏ కమిటీలో కూర్చున్నాను అన్నవి ఇందులో ఉండవు. అవి ఎవరికీ పనికిరావు, నాకే పనికిరాలేదు. నేను చేసిన ఒక తప్పు గురించి, ఆ తప్పు దెబ్బ పడిన ఇంటి గురించి చెప్తాను.

మాధవరావు సార్ అడిగిన ప్రశ్న

ముందు మా గైడు గురించి చెప్పాలి. మాధవరావు సార్ తక్కువ మాట్లాడేవారు. నేను పరిశోధన మొదలుపెట్టిన రోజుల్లో కంప్యూటర్లు ఇంకా తహసీలు ఆఫీసుల దాకా రాలేదు. పటాన్‌చెరు వైపు ఒక ఆఫీసులో రెండు నెలలు కూర్చుని, అర్జీలు ఎక్కించే రిజిస్టరు మొత్తం చేత్తో ఎత్తి రాసుకుని, ఏ రకం అర్జీ ఎన్ని రోజుల్లో తేలిందో పెద్ద పట్టిక గీసి ఆయన ముందు పెట్టాను. మెచ్చుకుంటారనుకున్నాను.

ఆయన పట్టికలో ఐదో వరస మీద వేలు పెట్టారు. "ఈ మనిషి ఎవరు?"

"పట్టా మార్పు కోసం అర్జీ పెట్టుకున్న రైతు సార్."

"అది రిజిస్టర్ చెప్తున్నది. నువ్వేం చెప్తవు?"

మర్నాడు ఆ రైతును వెతుక్కుంటూ ఇంద్రేశం వెళ్ళాను. అప్పుడు అక్కడ అన్నీ జొన్న చేలే. ఆయన నన్ను చేను గట్టు మీద కూర్చోబెట్టి చెప్పాడు. ఆయనకు పట్టా మార్పు అక్కర్లేదు. పక్క చేనువాడు దారికి కంచె వేశాడు, తన పొలానికి దారి కావాలి. ఆఫీసు బయట కూర్చుని అర్జీలు రాసే ఆయనకు పట్టా అర్జీ రాయడమే బాగా వచ్చు, కాబట్టి అదే రాసిచ్చాడు. ఆఫీసు దాన్ని చూసి, పట్టా సరిగ్గానే ఉంది కనుక చర్య అవసరం లేదని తేల్చేసింది. నా పట్టికలో అది పదిహేను రోజుల్లో తేలిపోయిన అర్జీ.

తిరిగొచ్చి చెబితే సార్ తల ఊపారు, అంతే. ఆ ఒక్క రోజులో నేర్చుకున్నది నాకు జీవితాంతం సరిపోవాలి. సరిపోలేదు. నా పేరు ముందు ప్రొఫెసర్ అని పడ్డాక, అదే తప్పు ఇంకా పెద్దగా చేశాను.

రంగులు పెట్టింది నేనే

అర్జీలు కంప్యూటర్లోకి ఎక్కించే పద్ధతి వచ్చినప్పుడు నేను నిజంగానే సంతోషించాను. చేతిలో కాగితం పట్టుకుని మండలాఫీసుకి, అక్కణ్ణుంచి జిల్లా ఆఫీసుకి తిరిగే ముసలివాళ్ళను ఎంతోమందిని చూశాను. ఇక ఆ తిరుగుడు ఉండదనుకున్నాను. మండలంలో ఆపరేటరు దగ్గర చెబితే చాలు, అర్జీ దానంతటదే సంబంధిత శాఖకు వెళ్తుంది, ఫోనుకు మెసేజ్ వస్తుంది.

ఆ పోర్టల్ ఎలా పనిచేస్తున్నదో చూసి చెప్పమని ప్రభుత్వంవాళ్ళు యూనివర్సిటీలో మా శాఖను అడిగారు. ప్రాజెక్టు డైరెక్టరు మా శాఖాధిపతి రాజశేఖరం గారు, పని చేసేది నేను. మొదటి నివేదికలో నేను ఒక సూచన చేశాను. పై అధికారి తెర మీద ఒక్క చూపులో పరిస్థితి తెలుసుకునేలా రంగులు పెట్టండి అన్నాను. మూడు రోజుల లోపల ముగిసిన అర్జీకి ఆకుపచ్చ, మూడు దాటితే పసుపు, వారం దాటితే ఎరుపు. ఆ సూచన అందరికీ నచ్చింది, నెల తిరక్కుండానే అమలైంది. సమావేశంలో పెద్ద తెర మీద మండలాలన్నీ రంగురంగులుగా కనిపించినప్పుడు నా పక్కన కూర్చున్న ఒక అధికారి, "ఇది మీ ఐడియానే కదా మేడం" అన్నాడు. గర్వపడ్డాను. దాచుకునేదేముంది.

రెండో ఏడాది నివేదికకు ఒక విజయగాథ కావాలన్నారు. అంకెలు ఎవరూ చదవరు, ఒక మనిషి కథ ఉండాలి అన్నారు రాజశేఖరం గారు. అందులో తప్పు లేదు. నేను ఆఫీసు గదిలో కూర్చుని డేటా వెతికాను. హత్నూర మండలంలో ఒక పల్లె, అర్జీదారు పేరు సత్తెమ్మ. పైపులైను లీకేజీ అని పదకొండుసార్లు అర్జీ పెట్టింది. పదకొండూ ఆకుపచ్చే. ఫోన్ చేసి అడిగినప్పుడు ఆమె ఇచ్చిన స్పందన గడిలో పదకొండుసార్లూ "సంతృప్తి" అని ఉంది.

అంతకంటే మంచి కథ ఏముంటుంది? ఒక పేరా రాసేశాను. ఆ ఊరు నేనుండే చోటి నుంచి బస్సులో గంటన్నర. వెళ్ళలేదు. నివేదిక అచ్చయ్యాక, చిన్న పుస్తకంగా వేసేటప్పుడు ఆమె ఫోటో కావాలన్నారు. అప్పుడు వెళ్ళాను.

ఫోటో కోసం వెళ్ళిన రోజు

సత్తెమ్మ ఇల్లు ఊళ్ళో లేదు. ఊరికి కిలోమీటరు అవతల, పొలాల నడుమ ఆరిళ్ళ వాడ ఒకటి ఉంది. అక్కడ. ఆరిళ్ళకూ కలిపి ఒకే బోరు. ఆటో దిగగానే ముక్కుకు ఒక వాసన తగిలింది. కుళ్ళిన వాసన కాదు, మందుల షాపు వెనక సందులో వచ్చే వాసనలాంటిది, దానికి కొంచెం పులుపు కలిసినట్టు.

సత్తెమ్మకు యాభై దాటి ఉంటాయి. మనిషి సన్నగా, గట్టిగా ఉంది. నేను ఎవరో చెప్పగానే ఆమె ముఖం వెలిగింది. ఇంట్లోకి తిరిగి భర్తను కేకేసింది.

"ఓ అయ్యా, జెర బయటికి రా. మన అర్జీ సూసెతందుకు పెద్ద మేడమే వచ్చింది."

నేను వచ్చింది ఫోటో కోసం.

భర్త పేరు నర్సింలు. బొల్లారంలో మందులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళు పనిచేశాడు. పొద్దున్నే రోడ్డు మీద నిలబడితే కంపెనీ బస్సు వచ్చి ఎక్కించుకుపోయేది. ఆ పని మానేసి అప్పటికి మూడేళ్ళు. నెమ్మదస్తుడు. మంచం వాల్చి నన్ను కూర్చోమన్నాడు. సత్తెమ్మ చాయ్ తెచ్చింది. ఆ వాసన గుర్తొచ్చి నేను గ్లాసు వైపు చూసిన చూపు ఆమెకు అర్థమైంది.

"భయపడకున్రి మేడం. ఊళ్ళెకెల్లి డబ్బాలల్ల తెచ్చిన నీళ్ళే. తాగెతందుకు, వండెతందుకు గవే. తానాలకు, బట్టలకు, బర్రెకు మాత్రం గీ బోరే."

"బోరు నీళ్ళు ఎప్పటి నుంచి ఇట్లున్నయి?"

"రెండేండ్లు దాటింది. మొదలు బర్రె సమజ్ చేసుకున్నది. మూతి పెడుతది, ఎనకకు తీస్తది. దానికి రోగం వచ్చిందేమో అనుకున్నం. తర్వాత నాకు వాసన తెలిసింది. గీయనకు చెప్తె ఏడుంది వాసన అంటడు."

నర్సింలు నవ్వాడు. "నాకు ముక్కు పనిచెయ్యది మేడం. ఫ్యాక్టరీల ఉన్నప్పుడే పోయింది. పువ్వు వాసన గూడ రాదు. గని ఆమె వస్తదన్నదంటే వస్తున్నట్టే లెక్క. నేను బోరు కాడికి పోయి నీళ్ళు దోసిట్ల పట్టి సూస్తె, జెర పసుపుగ కనబడ్డయి."

అప్పుడు చెప్పారు. సత్తెమ్మ మండలాఫీసుకు పోయి ఆపరేటరుకు చెప్పింది. మూడో రోజు ఊరి నీళ్ళ పనులు చూసే మనిషి వచ్చాడు. ఊళ్ళో పైపులైను మొత్తం చూశాడు, ఎక్కడా లీకు లేదన్నాడు, పోయాడు. ఆమె ఫోనుకు మెసేజ్ వచ్చింది. నెల తర్వాత మళ్ళీ చెప్పింది, అతనే మళ్ళీ వచ్చాడు. ఇలా పదకొండుసార్లు. మధ్యలో ఎవరో ఆడమనిషి ఫోన్ చేసి, మీ అర్జీ మీద మనిషి వచ్చి చూశాడా అని అడిగేది. సూసి పోయిండమ్మా అని సత్తెమ్మ చెప్పేది. అదే నా డేటాలో "సంతృప్తి".

"మీ పుస్తకంల మా గురించి రాసిన్రంట గదా," అన్నాడు నర్సింలు. నేను వస్తున్నానని ఫోన్‌లో చెప్పిన ఊరి కార్యదర్శి ఆ సంగతి కూడా చెప్పాడట. "ఏమని రాసిన్రు మేడం? సదువున్రి, ఇంటం."

నివేదిక నా సంచిలోనే ఉంది. లేదని అబద్ధం చెప్పి ఉండవచ్చు. ఎందుకో చెప్పలేకపోయాను. తీసి చదివాను.

"హత్నూర మండలానికి చెందిన ఒక గ్రామీణ మహిళ పదకొండుసార్లు ఈ వేదికను వినియోగించుకున్నారు. పదకొండుసార్లూ మూడు రోజుల లోపలే ఆమె అర్జీ పరిష్కారమైంది. చదువురాని ఒక మహిళ ప్రభుత్వ యంత్రాంగంపై పెంచుకున్న విశ్వాసానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు."

సత్తెమ్మ శ్రద్ధగా విన్నది. "నాకు ఒక్క మాట సమజ్ కాలే మేడం. పరిష్కారం అంటె ఏంది?"

"అంటే... పని అయిపోయిందని."

"ఎవరి పని?"

ఆమె ఎగతాళిగా అడగలేదు, తెలియక అడిగింది. నేను కాగితం మడిచి సంచిలో పెట్టాను. ఫోటో తియ్యలేదు.

అనిత చెప్పిన మాట

అక్కణ్ణుంచి నేరుగా మండలాఫీసుకు వెళ్ళాను. కోపంగా వెళ్ళాను. ఎవరో దొంగ రాతలు రాశారని, పట్టుకోవాలని అనుకున్నాను. ఆపరేటరు అనిత కాంట్రాక్టు ఉద్యోగి, నలభై ఏళ్ళుంటాయి. ఎదురుగా బెంచీ మీద పదిమంది కూర్చుని ఉన్నారు. ఆమె అందరికీ సమాధానం చెబుతూనే నా మాట విన్నది.

"సత్తెమ్మ మీకు ఏమని చెప్పింది?"

"బోరు నీళ్ళు వాసన వస్తున్నయని చెప్పింది మేడం. నాకు యాదికున్నది."

"మరి పైపులైన్ లీకేజీ అని ఎందుకు ఎక్కించిన్రు?"

ఆమె మానిటర్ నా వైపు తిప్పింది. "సూడున్రి. నీళ్ళ కింద నాలుగే ఉన్నయి. నీళ్ళు వస్తలేవు, పైపు లీకేజీ, కొత్త నల్లా, మోటారు ఖరాబు. బోరు నీళ్ళు చెడిపోయినయి అనేది ఇందుల లేదు. ఏదో ఒకటి ఒత్తకపోతే అర్జీ ముందుకు పోదు. దగ్గరున్నది ఒత్తిన. కింద రిమార్కుల గూడ రాసిన. అది ఎవరు సదువుతరు?"

"పైపు చూసిన మనిషి బోరు చూడొచ్చు కదా?"

"ఆయనకు వచ్చిన అర్జీ పైపుది. సూసిండు, లీకు లేదు, గదే రాసిండు. ఆపుదామంటె మూడు దినాలు దాటుతది మేడం. పసుపు అయితది. పసుపు అయితె పొద్దుగాలనే ఫోన్. ఎరుపు అయితె మెమో. నాది కాంట్రాక్టు నౌకరి. ఆ రంగులు ఎవరు పెట్టిన్రో గని, మాకు రంగులు తప్ప మనుషులు కనిపిస్తలేరు."

ఆమెకు ఆ రంగులు పెట్టింది నేనేనని తెలియదు. నేను చెప్పలేదు. ఆ రోజు చెప్పకపోవడం పిరికితనం. ఇప్పుడు చెబుతున్నాను.

దొంగ రాత ఒక్కటీ దొరకలేదు. అనిత ఉన్నదాంట్లో దగ్గరిది ఎంచుకుంది. నీళ్ళ మనిషి పైపు చూసి నిజమే రాశాడు. ఫోన్ చేసిన ఆమె విన్నదే నమోదు చేసింది. సత్తెమ్మ కూడా ఉన్నదే చెప్పింది. ఈ నిజాలన్నీ కలిపి నేను అబద్ధం రాశాను, అచ్చు వేయించాను. మీరు కొత్తగా ఈ పనిలోకి వస్తున్నారు కాబట్టి చెబుతున్నాను, మన దగ్గరికి వచ్చే డేటా ఎక్కువసార్లు ఇలాగే ఉంటుంది. తప్పు చేసినవాడి కోసం వెతికితే దొరకడు.

ఒక్క కేసు

మర్నాడు రాజశేఖరం గారికి అంతా చెప్పాను. ఆయన చెడ్డవారు కారు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, చివరిదాకా విన్నారు.

"నువ్వు చెప్పేది నిజమే అమ్మా. ఆ పేరా పుస్తకంలోంచి తీసేద్దాం. కానీ పద్ధతే తప్పు అనాలంటే ఒక్క కేసు చాలదు. రేపు ఎవరైనా, ఒక్క ఊరికి పోయి వచ్చి ఇంత మాట అంటారా అంటే ఏం చెప్తం? సరిగ్గా శాంపిల్ తీసి, మళ్ళీ అందరినీ అడిగి, పక్కాగా రాయి."

నేను సరేనన్నాను. ఆ మాటలు నాకు కొత్త కాదు. క్లాసులో ఏళ్ళ తరబడి నేను పిల్లలకు చెప్పిన మాటలే. ఒక్క మనిషి బాధను చూసి ఊగిపోవద్దు, రుజువు కూడగట్టు. అది పరిశోధనకు సరైన సలహానే. నేను చేసిన పొరపాటు, ఆ సలహా బోరు నీళ్ళకు కూడా వర్తిస్తుందనుకోవడం.

శాంపిల్ తీశాను. ప్రశ్నావళి రాశాను, మార్చాను, మళ్ళీ రాశాను. మండలాలు తిరిగాను. మూసేసిన అర్జీల వెనక తెరిచే ఉన్న బాధలు కుప్పలుగా దొరికాయి. ఒక్కొక్కటి దొరికినప్పుడల్లా నా వాదం బలపడుతున్నదని సంతోషం కలిగేది. అవును, సంతోషమే. ఆ పనిలో ఏడాదిన్నర గడిచింది.

మధ్యలో రెండుసార్లు సత్తెమ్మ ఫోన్ చేసింది. మొదటిసారి, "మేడం, మా నీళ్ళ సంగతి ఏమన్న అయ్యిందా?" అని అడిగింది. "అయితది అక్కా, దాని మీదనే పనిచేస్తున్న," అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు.

రెండోసారి ఆమె నీళ్ళ గురించి అడగలేదు. "గీయనకు కాళ్ళు వాచినయి మేడం. సంగారెడ్డి దవాఖానల సూపిస్తె కిడ్నీలంటున్రు. పెద్ద దవాఖానకు పొమ్మన్నరు. మీకు తెలిసిన డాక్టర్లు ఎవరన్న ఉన్నరా?"

తెలిసిన డాక్టర్ పేరు చెప్పాను, ఫోన్ కూడా చేశాను. వాళ్ళు వెళ్ళారు. వారం వారం వెళ్ళారు. నేను ఒకసారి చూడ్డానికి పోతే నర్సింలు మంచం మీద లేచి కూర్చునే ప్రయత్నం చేశాడు. వద్దన్నా వినలేదు.

"మీ పని అయ్యిందా మేడం?"

"ఇంకా కాలేదు నర్సింలూ. రాస్తున్న."

"రాయున్రి. తొందరేం లేదు, మంచిగ రాయున్రి," అన్నాడు.

ఆ వేసవి తిరిగే లోపల ఆయన పోయాడు. ఆ రోజు నేను ఇంకో జిల్లాలో సమావేశంలో ఉన్నాను. రెండు రోజుల తర్వాత తెలిసింది.

ఆ నీళ్ళ వల్లే పోయాడా? నేను అలా రాయలేను. ఫ్యాక్టరీలో ముక్కు పోయిన మనిషికి లోపల ఇంకేం పోయాయో ఎవరూ చూడలేదు. డాక్టర్లు కారణం చెప్పలేదు. కాదనీ నేను రాయలేను. మూడేళ్ళకు పైగా ఆయన ఆ నీళ్ళతోనే స్నానం చేశాడు.

పది నిమిషాలు

నివేదిక పూర్తయ్యింది. జిల్లాలో ఆ పోర్టల్ చూసే అధికారి దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆయన మీద నాకు ముందే ఒక అభిప్రాయం ఉండేది. రంగులు తప్ప ఏమీ పట్టని మనిషి, విమర్శ చేస్తే ఒప్పుకోడు అనుకునేదాన్ని. గట్టిగా వాదించడానికి సిద్ధపడే వెళ్ళాను.

ఆయన మొదటి పేజీల్లోనే సత్తెమ్మ కథ దగ్గర ఆగాడు. రెండుసార్లు చదివాడు. ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడాడు. ఆ వాడకు ఊరి పైపులైను ఎంత దూరమో అడిగాడు. రేపే మనిషిని పంపి బోరు నీళ్ళు ల్యాబుకు తీయమన్నాడు, పైపు పొడిగించడానికి వెంటనే ప్రతిపాదన పెట్టమన్నాడు. ఇంకొకరికి ఫోన్ చేసి, నీళ్ళ జాబితాలో బోరు చెడిపోయిందన్న వరస చేర్చమన్నాడు. మొత్తం పది నిమిషాలు పట్టి ఉంటుంది. మాకు తెచ్చిన చాయ్ అప్పటికి ఇంకా చల్లారలేదు.

ఫోన్ పెట్టేసి అడిగాడు. "ఈ సంగతి మీకు ఎప్పుడు తెలిసింది మేడం?"

"ఏడాదిన్నర అయ్యింది."

ఆయన కాగితాల అంచులు సరిచేసి పెట్టుకున్నాడు.

"నా నంబరు మీ దగ్గర ఉన్నది కదా," అన్నాడు.

గొంతులో కోపం లేదు. నిజంగా అర్థం కాక అడిగినట్టు ఉంది. నా దగ్గర ఆయన నంబరు ఉంది. ఆ ఏడాదిన్నరలో సమావేశాల తేదీల కోసం ఆయనకు చాలాసార్లు ఫోన్ చేశాను కూడా.

ఆ తర్వాత నా నివేదిక మంచి పేరే తెచ్చుకుంది. రంగులు తీసేశారు. అర్జీదారు ఒప్పుకుంటే తప్ప అర్జీ మూయకూడదని నియమం పెట్టారు. నా పనికి ఫలితం వచ్చింది అని ఎవరైనా అంటే నాకు ఆ పది నిమిషాలే గుర్తొస్తాయి. ఒక అధికారిని ఒక్కసారి అడిగి చూడకుండానే రాతి మనిషి అనుకున్నాను. మన శాస్త్రంలో ఇది చాలామందికి ఉన్న జబ్బు. ఆఫీసంటే పేదవాణ్ణి పట్టించుకోని చోటు అని ముందే తేల్చుకుని, దాన్ని రుజువు చేయడానికి ఏళ్ళు ఖర్చుపెడతాం. ఒక్క పేజీ ఉత్తరం రాసి ఆ రోజే పంపితే ఏమవుతుందో చూడం. పరిశోధన ఆగదు, అది దాని తీరున సాగుతుంది. ఉత్తరం మాత్రం ఆ రోజే పోవాలి. ఇంత కాలంలో నేను నేర్చుకున్న మాటల్లో గట్టిగా చెప్పగలిగింది ఇదొక్కటే.

వాకిలి

ల్యాబు రిపోర్టు వచ్చింది. ఆ నీళ్ళు మనుషులకూ పశువులకూ వాడకానికి పనికిరావని తేల్చింది. ఎక్కణ్ణుంచి కలిసిందో అందులో లేదు. బోరుకు ఎర్ర రంగు వేసి మూసేశారు. ఊరి పైపును ఆ వాడ దాకా పొడిగించి ఆరిళ్ళ ముందూ నల్లాలు పెట్టారు.

అప్పటికి సత్తెమ్మ అక్కడ లేదు. బర్రెను అమ్మేసి ఇంద్రేశం వచ్చేసింది. మాధవరావు సార్ నన్ను పంపిన రోజుల్లో జొన్న చేలున్న చోట ఇప్పుడు వరసగా కొత్త ఇళ్ళు. అందులో ఒక లేఅవుట్‌లో రోడ్లు ఊడ్చే పని, గేటు పక్కన ఒక గది. నేను వెళ్ళి నల్లా వచ్చిందని చెప్పాను. ఆమె చీపురు గోడకు ఆనించి నా వైపు చూసింది.

"ఒకపారి సూసొద్దాం మేడం. నన్ను తోల్కపోతరా?"

ఆదివారం ఇద్దరం కలిసి బయల్దేరాం. బస్సులో కిటికీ పక్కన ఆమె, ఇవతల నేను. ఊరు దగ్గరపడుతుంటే ఇక ఆగలేక చెప్పేశాను. రంగుల సంగతి, ఏడాదిన్నర సంగతి, పది నిమిషాల సంగతి, అన్నీ. చివర్న నేను, "ఆనాడే చెప్తే అయిపోతుండె అక్కా," అన్నాను.

"ఆనాడు చెప్తె ఆయన బతికేటోడా?"

"తెల్వదు అక్కా."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. "తెల్వకపోతె తెల్వదనే రాయున్రి మేడం. నన్ను అడిగినోళ్ళకు నేను గూడ గదే చెప్తున్న."

క్షమించానని అనలేదు. నేను అడగనూ లేదు.

వాడలో ఆరిళ్ళలో ఐదింటికి తాళాలు ఉన్నాయి. మిగిలిన ఇంట్లో ఒక ముసలాయన మంచం మీద పడుకుని ఉన్నాడు, మమ్మల్ని గుర్తుపట్టలేదు. సత్తెమ్మ ఇంటి ముందు సిమెంటు దిమ్మె మీద కొత్త నల్లా. ఆమె దాని ముందు కొంచెం సేపు నిలబడింది. తిప్పింది. ముందు గాలి బుసకొట్టింది, తర్వాత నీళ్ళు వచ్చాయి. దోసిట్లో పట్టి ముఖం దగ్గరికి తెచ్చుకుంది. కళ్ళు మూసుకుని వాసన చూసింది. మళ్ళీ పట్టింది, మళ్ళీ చూసింది.

"లేదు మేడం. మంచిగున్నయి," అంది.

ఇంటి చూరు కింద బోర్లించిన పాత బకెట్ ఒకటి ఉంది. దాన్ని కడిగి నింపుకుంది. చీర చెంగు నడుముకు దోపుకుని, తాళం వేసిన తలుపు ముందు వాకిలంతా నీళ్ళు చల్లింది. దుమ్ము అణిగి నేల తడిసింది. చెప్పులు విప్పి పక్కన పెట్టి, ఆ తడి వాకిట్లో ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎక్కడా పొడి జాగా మిగలకుండా చూసుకుంటూ చల్లింది. బకెట్ ఖాళీ అయ్యాక మళ్ళీ బోర్లించింది. నల్లా కట్టేసి, చుక్క కారుతున్నదేమోనని వేలు పెట్టి చూసింది.

"ఇగ పోదాం మేడం," అంది. "సాయంత్రం నాకు డ్యూటీ ఉన్నది."